ఏదైనా సరే

"పాపా, ఆఫ్ అని మెసేజ్ పెడితే పెట్టెకు పచ్చలైటు వచ్చిందేందమ్మా? ఎర్రది రావల్ల గదా?"

కోయిలకుంట్ల పక్క పల్లె నుంచి లక్ష్మక్క ఫోను. కల్లూరులోని ఆ చిన్న ఆఫీసు తయారు చేసేది ఫోనుతో నడిచే మోటరు పెట్టెల్ని. రైతు ఇంట్లో కూర్చుని ఆన్ అని పంపితే పొలంలో మోటరు తిరుగుతుంది, ఆఫ్ అంటే ఆగుతుంది. వాటి వెనక ప్రోగ్రాము చూసుకునేది మధులత. తేడా వస్తే తిట్లు తినేది కూడా ఆమే.

"మోటరు తిరుగుతాందా అక్కా?"

"యాడ తిరుగుతాది? కరెంటే రాల్యా. ఇంగ కొంచేపట్లో త్రీఫేజు ఇస్తారు. ఆ లోపల కేబులుకు అతుకేద్దామని మా ఆయప్ప బాయిలోకి దిగినాడు. మొలలోతు నీళ్లలో ఉండాడు."

మధులత చేతిలోని టీ పక్కన పెట్టేసింది. పచ్చలైటంటే మోటరు ఆన్‌లో ఉన్నట్టు. కరెంటు రావడమే ఆలస్యం, తిరుగుతుంది. ఆ కేబులు తెగిన కొసలు ఇప్పుడు లక్ష్మక్క భర్త శేషన్న చేతుల్లో ఉన్నాయి.

"అక్కా, ముందు ఆయన్ని పైకి రమ్మని కేకెయ్యి!"

"ఓయ్, పైకి రా!" అన్న కేక బావిలో గింగురుమనడం ఫోనులో వినిపించింది. "ఏందే అంటాండాడు గానీ ఆయప్పకు ఇనపడల్యా. శానా లోతమ్మా ఇది."

"పెట్టెలో స్విచ్చు ఆపు."

"దానికి తాళమేసినాం. తాళంచెవి ఆయప్ప మొలతాడుకు ఉండాది. ఫ్యూజు పీకల్లంటే ట్రాన్స్‌ఫార్మరు రెండు చేన్ల అవతల. ఏమైంది పాపా?"

"ఫోను పెట్టొద్దక్కా." మధులత ప్రోగ్రాము తెరిచింది.

మోటరును ఆన్, ఆఫ్ చేసే ఆ వరుసలు ఆమె రాసినవే. అవును, కాదు అనే రెండు జవాబులు తప్ప ఇంకేదీ లోపలికి రాకూడదని పక్కనే రాసిపెట్టింది కూడా. ఇప్పుడక్కడ 'ఎనీ' అని ఉంది. ఏదైనా సరే అని అర్థం. చూడగానే భూపేష్ పని అని తెలిసిపోయింది. యజమాని మంచివాడే, కానీ తొందర మనిషి. కొత్త యాప్ అవును కాదులకు బదులు ఆన్, ఆఫ్ అనే మాటల్నే పంపుతోంది. తప్పులు పట్టే చెకర్ ఎర్రగీతలు గీసి మొత్తుకుంది. ఈయన దాని నోట్లో 'ఏదైనా సరే' కుక్కేసరికి అది నోరు మూసుకుంది. ఎర్రగీత లేదు కదా అని ప్రోగ్రామును ఊళ్ల మీదికి వదిలాడు.

ఆ ప్రోగ్రాము రాసిన పైథాన్ భాషకు మాట అర్థంతో పనిలేదు. వచ్చింది మాటా, ఖాళీనా అని మాత్రమే చూస్తుంది. ఆన్ అన్నా మాటే, ఆఫ్ అన్నా మాటే. మాట వచ్చింది కాబట్టి మోటరు ఆన్. ఖాళీ వస్తేనే ఆఫ్.

ఊళ్లలోని పెట్టెల్ని నడిపే లైవ్ సర్వరు భూపేష్ లాప్‌టాప్‌లోంచి తప్ప తెరుచుకోదు. అద్దాల గదిలో ఆయన ఎవరితోనో ఫోనులో నవ్వుతున్నాడు.

"అన్నా! మోటర్లు ఆగడం ల్యా! శేషన్న బాయిలో ఉండాడు! లాప్‌టాప్ తెరువన్నా!"

భూపేష్ నవ్వు ఎగిరిపోయింది. ఫోను పక్కన పడేసి లాప్‌టాప్ మీదికి వంగాడు.

"పాపా, మళ్లా ఒకసారి ఆఫ్ అని పెడతా ఉండు," అంది లక్ష్మక్క.

"వద్దక్కా! ఏ మాట పెట్టినా ఆన్ అయితాది!"

"మరి ఎట్లా సచ్చేది తల్లీ!" ఆమె గొంతులో ఏడుపు వచ్చేసింది.

ఖాళీది పంపాలి, ఏ మాటా లేనిది. కానీ ఏమీ రాయకుండా మెసేజ్ పంపడానికి ఫోను ఒప్పుకోదు. మధులత తల పట్టుకుంది. మాట లేకుండా ఫోను చేసే పని ఏముంది?

"మిస్‌డ్ కాల్!" ఒక్క ఉదుటున లేచింది. పెట్టె దాన్ని మాట లేని ఖాళీ మెసేజ్‌గానే తీసుకుంటుంది. "అక్కా, పెట్టె నంబరుకు మిస్‌డ్ కాల్ ఇయ్యి. ఈ ఫోనుతోనే, వేరే నంబరైతే అది పలకదు. ఒకసారి మోగనిచ్చి కట్ చెయ్యి. తొందరగా!"

లైను తెగిపోయింది.

గోడమీది తెరలో ఊళ్లవారీగా మోటర్ల పేర్లు. శేషన్న పేరు పక్కన పచ్చచుక్క. కింద రోడ్డు మీద షేర్ ఆటోవాడు కర్నూలు, కర్నూలు అని అరుస్తున్నాడు. వాడి నోరు నొక్కేయాలనిపించింది మధులతకు. పచ్చచుక్క మారలేదు. ఇంకా మారలేదు. ఆమె చున్నీ కొస నలిపి నలిపి ముద్ద చేసేసింది. అప్పుడు చుక్క ఎర్రబడింది.

వెంటనే ఫోను మోగింది.

"ఎర్రలైటొచ్చిందమ్మా! ఇదో, కరెంటు కూడా వచ్చె, షెడ్డులో బల్బు ఎలిగింది. మోటరు కదల్యా!" లక్ష్మక్క ఏడుస్తూనే నవ్వింది. "నీ కడుపు సల్లగుండ పాపా!"

"ఆయన్ని పైకి రమ్మనక్కా ముందు."

"మొండిమనిషి, ఇంటాడా? ఎర్రలైటొచ్చిందని సైగ చేసినా. ఇంగ రెండు చుట్లు టేపు చుట్టి వస్తా పో అంటాండాడు." ఆమె ఫోను పెట్టేసింది.

మధులత కుర్చీలో కూలబడి కళ్లు తుడుచుకుంది. అంతలో మిగతా పల్లెలు గుర్తొచ్చాయి. మోటరు ఆగిందని నమ్మి ఇంకెవరెవరు వైర్లు పట్టుకున్నారో. ఆ ఎనీ తీయించాలి, ఈ క్షణమే. ఆమె లేచేలోపే అద్దాల తలుపు తోసుకుని భూపేష్ బయటికొచ్చాడు. చొక్కా చెమటతో తడిసిపోయింది గానీ, ముఖంలో పెద్ద గండం గట్టెక్కించిన తృప్తి.

"ఇంగ భయపడాకు మధూ. ఒక్క శేషన్నదేంది, మన మోటర్లు ఎన్నుండాయో అన్నిటికీ ఇప్పుడే నా చేత్తో ఆఫ్ అని టైపు కొట్టి వచ్చినా."