ఘాట్‌లో మరిచిన రాళ్లు

అక్షరాలు నేర్చుకున్నది ఆలస్యంగా. ఈ ఒక్క కాగితానికే నాకు నాలుగు రోజులు పట్టింది. తప్పులు కనిపిస్తే మన్నించి, దిద్దుకుని చదవండి.

"రాళ్లు తీసినవా?" అన్నాడు సత్తార్.

లారీ నడుపుతున్న రాయమల్లు బ్రేకు తొక్కాడు. "నువ్వు తీసినవనుకున్న."

లారీ అప్పటికే ఘాట్ దిగేసింది. పైన ఒక మలుపు దాటగానే టైరు పగిలి, సోయా బస్తాల లోడుతో రెండు గంటలు వానలో నిలబడ్డారు. వెనక వచ్చే బండ్లకు తెలియాలని మలుపులో పెద్ద పెద్ద రాళ్లు పేర్చారు. టైరు మార్చగానే తొందరగా ఎక్కి వచ్చేశారు. ఇప్పుడు ఘాట్ మీద మంచు కమ్ముకుంటోంది.

సత్తార్ బిడ్డ ఫిర్దోస్ చంటిపిల్లను ఎత్తుకుని, అల్లుడి మోటారు సైకిల్ మీద అదే దారిన వెనకనుంచి నిర్మల్‌కు వస్తోంది. సత్తార్ ఫోన్ చేశాడు. కలవలేదు. మళ్లీ చేశాడు.

"ఘాట్ల సిగ్నల్ ఉండది, సత్తార్ భాయ్. ఫికర్ చెయ్యకు. అల్లుడు చూసుకుంట నడుపుతడు" అన్నాడు రాయమల్లు.

"మలుపు తిరిగినంకనే కనబడతయి. ఇగ ఏం చూసుకుంటడు?"

పక్కనే చాయ్ హోటల్ నడిపే రాజం మోటారు సైకిల్ ఉంది. ఈ వానలో పైకి పోవద్దని రాజం చెబుతూనే ఉన్నాడు. సత్తార్ తాళంచెవి లాక్కుని వెళ్లిపోయాడు.

ఎదురుగా ఒక్క బండీ రాలేదు. అదే అతన్ని ఎక్కువ భయపెట్టింది. ప్రతి మలుపులో లోయలోకి చూస్తూ ఎక్కాడు.

లారీ ఆగిన చోటే బండి నిలిపి మలుపులోకి పరుగెత్తాడు. రాళ్లు పేర్చినవి పేర్చినట్టే ఉన్నాయి. మనిషి లేడు, నెత్తురు లేదు. సత్తార్ ఏడ్చేశాడు. ఇక ఎవరికీ అడ్డం రావద్దని ఒక్కొక్క రాయినీ లోయలోకి దొర్లించాడు. ఒక్కటి కూడా మిగల్చలేదు.

వెనక పెద్ద చప్పుడయింది. తిరిగి చూశాడు. రెండు గంటలు లారీ నిలబడ్డ చోట రోడ్డు లేదు. రాజం బండి లేదు. నానిన అంచంతా తెగి లోయలోకి జారిపోయింది.

పైనుంచి మోటారు సైకిల్ చప్పుడు దగ్గరవుతోంది.

చుట్టూ వెతికాడు. చేతికి బురద తప్ప ఏమీ దొరకలేదు. ఈ మంచులో చెయ్యెత్తితే దొంగ అనుకుని ఇంకా జోరుగా పోతారు.

సత్తార్ రోడ్డుకు అడ్డంగా పడుకున్నాడు.

— హెప్సిబా, అరవై ఆరేళ్లు. ఇప్పుడు ఉండేది కాగజ్‌నగర్‌లో.