గిటారు వంతు

మెట్ల దగ్గరికే వినిపించింది గిటారు.

అంతోని సగం మెట్లలో ఆగిపోయాడు. చింతాద్రిపేటలోని ఆ మేడగదిలో ముప్పై ఏళ్లు విన్న వాయింపు అది. తీగ మీద వేలు చిన్నగా జారుతుంది, తడబడినట్టే ఉండి తాళంలో నిలుస్తుంది. అలా వాయించేవాడు ఊరంతటికీ ఒక్కడే. మిగిలిన మెట్లు గబగబా ఎక్కి అంతోని తలుపు తోశాడు.

కుర్చీ ఖాళీ. పక్కన టేప్‌రికార్డరులో క్యాసెట్టు తిరుగుతోంది. దాని ముందు, నుదుట ఎప్పటి పెద్ద బొట్టుతో, కళ్లు మూసుకుని పాడుకుంటోంది అలివేలు.

ఒకనాడు వాషర్‌మెన్‌పేట్ వర్తకుల ఇంట కట్టుబాట్లన్నీ తెంచుకుని వచ్చిన పిల్ల. పట్టుచీర కట్టి, మైకు చేతబట్టి, పాప్ పాటలతో కుర్రకారును ఊపేసింది. మద్రాసు చెన్నై అయింది. ఆమె పాటకు మాత్రం వయసు రాలేదు. చాలా నెలల మౌనం తరువాత, రేపటి నుంచి మళ్లీ కచేరీలు. వరుసగా మూడు రోజులు. ఊరి గోడల నిండా ఆమె బొమ్మే.

అంతోని డ్రమ్ముల ముందు కూర్చున్నాడు. “రేపటికి గిటారు ఎవరక్కా?”

“ఎవరూ వద్దు. ఆ కుర్చీ ఆడనే ఉండనీ.”

“సరి. పేరన్నా చెప్తావా?”

ఆమె క్యాసెట్టు ఆపింది.

అది పాత తగవు. ప్రతి కచేరీ చివర ఆమె వాద్యగాళ్లను పేరుపేరునా పరిచయం చేస్తుంది. పేరు వినగానే ఆ మనిషి తన వాద్యం మీద ఒక చిన్న మెరుపు మెరిపిస్తాడు. సభ చప్పట్లు కొడుతుంది. గిటారు వంతు వస్తే మాత్రం అటు తిరిగి, నవ్వి ఊరుకుంటుంది. “పేరు మరిచిపోయినావా అక్కా?” అని వెనక వరుసలు అరిచేవి. గర్వమని పత్రికలు రాశాయి. స్నేహితుడి తరఫున అంతోనికి కడుపు మండేది. ఆ స్నేహితుడు మాత్రం పకపకా నవ్వేవాడు. “వద్దురా అంతోనీ. ఆమె నోట నా పేరొస్తే ఇంక నేను బతికినట్టే.”

“ఇన్నేండ్లు నీ పక్కనే కూర్చున్నాడు గదక్కా,” అంతోని గొంతు తగ్గించాడు. “ఒక్కసారి వినేదానికి నా చెవులు నోచుకోలా. రేపన్నా చెప్పు.”

“నా వల్ల కాదప్పా. చెప్తే అయిపోతుంది.”

“అయిపోయె గదక్కా, ఎప్పుడో.”

ఆమె మీట నొక్కింది. గిటారు మళ్లీ మొదలైంది.

మరునాటి సాయంత్రం హాలు కిటకిటలాడింది. ఖాళీ కుర్చీ వేదిక మీదికీ వచ్చింది. పాటలో గిటారు పలకవలసిన చోటల్లా ఆమె పెదవులు మూసి, దాని వంతు గడిచేదాకా ఆగి, మళ్లీ అందుకుంది. ఆ ఖాళీల్లో అంతోని దరువు ఒంటరిగా నడిచింది.

ఆఖరి పాట అయింది. పరిచయాలు మొదలయ్యాయి.

“వయొలిన్, శివరామ్.”

“కీబోర్డు, ప్రీతి.”

“డ్రమ్ములు, మా అంతోని.”

అంతోని వాయించి, కర్రలు ఒళ్లో పెట్టుకుని తల వంచుకున్నాడు.

అలివేలు కుర్చీ వైపు తిరిగింది. నవ్వబోయింది, నవ్వు రాలేదు. ఆమె చేయి ఒకసారి నుదుటి దాకా వెళ్లి, దిగి, మైకును గట్టిగా పట్టుకుంది.

“కట్టుకున్నోడి పేరు పలికితే ఆయన ఆయుస్సు తగ్గిపోతుందని మాయమ్మ చెప్పింది, ఇంక తగ్గేదానికి ఏముంది... గిటారు, యతిరాజులు.”