కిటోంగా కొండ మీద చెక్క

"గేరు! గేరు మార్చు పిల్లా!"

అతుపేలె చెయ్యి గేరు రాడ్డు మీద జారింది. మూడో గేరు ఊడింది. రెండోది పడలేదు. సిమెంటు బస్తాల లారీ కిటోంగా కొండ మలుపులో ఒక్క క్షణం తటపటాయించి, వెనక్కి జారడం మొదలుపెట్టింది.

వెనకే కిక్కిరిసిన బస్సు. దాని హారన్ కొండంతా మోగుతోంది.

"పెద్దాయనా, గేరు పడట్లేదు!"

"పడకపోతే నేను దూకి టైరు కింద చెక్క వెయ్యాలి. చెక్క పడిందా, నీ డ్రైవరు పని ఇక్కడితో సరి! రేపటినుంచి మళ్ళీ మ్బేయా మార్కెట్లో అరటిగెలలు మోసుకో!" పని నేర్పుతున్న కిబాసా పక్క సీట్లోంచి అరిచాడు.

ఆ దారి లారీలవాళ్ళ కట్టుబాటు అది. ఈ ఎత్తు మీద ఎవరి బండికి చెక్క పడితే వాళ్ళకి స్టీరింగు ఇవ్వరు.

"వద్దు! దిగకు! నేను ఆపుతా!"

"నోటితో ఆగదే తల్లీ, కాలితో ఆగుతుంది. తొక్కు!"

తొక్కింది. బ్రేకు పట్టినట్టే పట్టి వదిలేసింది. బ్రేకుల గాలి మీటరు ముల్లు ఎరుపులోకి పడిపోయింది. అద్దంలో బస్సు మొహం పెద్దదవుతోంది. కిటికీల్లోంచి జనం దూకుతున్నారు. బస్సు వెనక్కి పోదామన్నా చోటు లేదు, దాని తోకకి ఆనుకుని ట్యాంకరు!

ధన్‌మని తలుపు చప్పుడైంది. పక్క సీటు ఖాళీ.

"పారిపోయావా ముసలాడా!"

ఏడవడానికి కూడా టైము లేదు. హ్యాండ్ బ్రేకు రెండు చేతులతో లాగింది. బండి ఆగలేదు, నెమ్మదించింది. క్లచ్ నేలకి తొక్కిపట్టి మొదటి గేరు కుక్కింది. గేరు పళ్ళు గీరుకుని అరిచాయి. పడింది! కాలు తీసేసింది. ఇంజను ఒక్క కుదుపు కుదిపి ఆగిపోయింది.

లారీ కూడా ఆగింది. బస్సు అద్దానికి జానెడు దూరంలో.

"పెద్దాయన చెక్క వేశాడు! పెద్దాయన కాపాడాడు!"

జనం విరగబడ్డారు. ఆడవాళ్ళు నాలుకలాడిస్తూ సంతోషంతో కూతలు పెట్టారు. కుర్రాళ్ళు రాళ్ళు దొర్లించుకొచ్చి టైర్లన్నిటి కిందా కుక్కేశారు. బస్సు కండక్టరు కిబాసాని ఏకంగా భుజాల మీదికి ఎత్తేశాడు.

అతుపేలె దిగింది. తాళంచెవులు కిబాసా వైపు చాపింది.

"తీసుకో పెద్దాయనా. పారిపోయావనుకుని తిట్టాను, మనసులో పెట్టుకోకు. అరటిగెలలు నాకు కొత్త కాదులే."

కిబాసా తాళంచెవులు ముట్టుకోలేదు. "దించరా నాయనా, చాలు," అని కండక్టరు భుజాల మీంచి దిగాడు. ముక్కు చివరిదాకా బురద. అటూ ఇటూ చూశాడు. ఆమె చెవి దగ్గరికి వంగాడు.

"గట్టిగా అరవకు, ఈ రోడ్డు మీద నా పరువుంది. దూకీ దూకగానే పక్క కాలవలో పడ్డాను." కోటు అంచు కాస్త పక్కకి తీసి చూపించాడు. "చెక్క ఇంకా నా చంకలోనే ఉంది, డ్రైవరమ్మా!"