ఒకటిన్నరలో పావులెన్ని?

"మీ వల్లే జనానికి బీపీ పెరుగుతోంది సిస్టర్," అన్నారు ఆసుపత్రి సూపరింటెండెంటు గారు.

పెద్ద నర్సు చేతిలోని ట్రే కింద పెట్టేసింది. ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఆవిణ్ణి గయ్యాళి అన్నారు, రాక్షసి అన్నారు. అవన్నీ దులిపేసుకుంది. ఈ మాట మాత్రం ఎవరూ అనలేదు.

"ఎవరండీ అన్నది?"

"లెక్క," అంటూ ఆయన పక్కనున్న కుర్రాణ్ణి చూపించారు.

అతగాడు పరిశోధకుడు. ఊళ్ళో రక్తపోటు ఎందుకు ఎక్కువవుతోందో తేల్చడానికి వచ్చాడు. ఉప్పు తినేవాళ్ళని లెక్కపెట్టాడు. సిగరెట్లు కాల్చేవాళ్ళని లెక్కపెట్టాడు. నిద్ర పట్టనివాళ్ళని కూడా వదల్లేదు. ఏదీ గట్టిగా తేలలేదు. ఆఖరికి విసుగెత్తి, బీపీ చూసింది ఏ నర్సో అది కూడా లెక్కలో వేశాడు. అంతే, అతని పంట పండింది.

"బేసి టోకెను వస్తే మీ బల్ల దగ్గరికి, సరి టోకెను వస్తే చిన్న సిస్టర్ బల్ల దగ్గరికి పంపుతారు కదా మేడమ్. అంటే రోగుల్లో తేడా లేదు," అన్నాడు ఉత్సాహంగా. "మీ దగ్గర నూటికి అరవై మందికి బీపీ ఎక్కువ, నలభై మందికి లేదు. అరవైని నలభైతో భాగిస్తే ఒకటిన్నర. ఆవిడ దగ్గర ఇరవై మందికి ఎక్కువ, ఎనభై మందికి లేదు. అంటే పావు. ఇప్పుడు చెప్పండి, ఒకటిన్నరలో పావులెన్ని?"

"ఆరు," అంది పెద్ద నర్సు బడిపిల్లలా.

"అదే ఆడ్స్ రేషియో!"

"చూశారా, ఆరు రెట్ల మందికి బీపీ తెప్పిస్తున్నారు," అన్నారు సూపరింటెండెంటు.

"అలా కాదు సార్. మనుషులు మూడు రెట్లే. పైగా సంబంధం ఉన్నంత మాత్రాన కారణం అదేనని..."

"నువ్వుండవయ్యా! నా సంగతే చూడు. చిన్న సిస్టర్ చూస్తే నూట ఇరవై, ఎనభై. గీత గీసినట్టు! మాత్రలు కూడా మానేశాను."

ఆయన చెవులు ఎర్రగా కందిపోయి ఉన్నాయి. కోపం కాబోలు అనుకుంది పెద్ద నర్సు.

వారం గడువిచ్చారు. ఈలోగా చిన్న నర్సు దగ్గర పద్ధతి నేర్చుకోవాలి. లేదంటే బల్ల తీసేసి, ఆవిణ్ణి దుప్పట్ల గదికి పంపుతారు. పెద్ద నర్సుకి తల కొట్టేసినట్టయింది. ఆ బల్లంటే ఆవిడకి ప్రాణం. దుప్పట్లకి బీపీ ఉండదు కదా!

ఇంటికెళ్ళి మొగుడితో చెప్పుకుంది.

"పెళ్ళయిన దగ్గర్నుంచీ నేను మొత్తుకుంటూనే ఉన్నాను. ఒక్కడూ నమ్మలేదు," అన్నాడాయన. "ఆ కుర్రాడెవరోగానీ చల్లగా ఉండాలి."

ఆ రాత్రి ఆయన అన్నం ఆయనే వడ్డించుకున్నాడు.

మర్నాడు పెద్ద నర్సు నవ్వుతూ పని మొదలుపెట్టింది. మొదటి రోగి ఆ నవ్వు చూసి హడలిపోయాడు. "ఏంటమ్మా, నాకేమన్నా పెద్ద జబ్బా? దాచకుండా చెప్పెయ్యండి!" అన్నాడు. బీపీ నూట డెబ్భై, పోయిన వారం నూట యాభయ్యే. ఆ ఇరవై తన నవ్వు చలవేనని ఆవిడకి అర్థమైంది.

నవ్వు మానేసి పాత దారికే వచ్చింది. "కదలకండి. మాట్లాడకండి." రోగి చేతికి పట్టీ కట్టి, స్టెతస్కోపు చెవుల్లో దోపుకుని, కళ్ళు మూసుకునేది. మధ్యలో ఎవరైనా మాట కలిపితే "నోరు!" అని ఒక్క కసురు. గదంతా చప్పబడిపోయేది.

ఈ సంగతులు బయటికి పొక్కకుండా ఉంటాయా? వరండాలో జనం సరి టోకెన్ల కోసం కొట్టుకుంటున్నారు. బేసి టోకెను చేతికొచ్చిన ముసలాయన "నా ఖర్మ" అని నుదురు కొట్టుకోవడం పెద్ద నర్సు కళ్ళారా చూసింది. కళ్ళు తుడుచుకుంది. పంతం చంపుకుని చిన్న నర్సు బల్ల పక్కన స్టూలు వేసుకుంది.

"అయ్యో అక్కా, మీకు నేను నేర్పడమేంటి!" అంది చిన్న నర్సు. నిజంగా మంచిపిల్ల. మెడలో స్టెతస్కోపు దండలా వేలాడుతోంది.

కుట్టుపని చేసే ఒకావిడ వచ్చి కూర్చుంది. చిన్న నర్సు పట్టీ కట్టింది, బల్బు నొక్కింది. "ఏంటి పిన్నిగారూ, మొహం వాడిపోయింది?" అంది. అంతే, ఆవిడ ఏకరువు పెట్టింది. తోడికోడలు కుట్టు మిషను అరువు పట్టుకుపోయి తిరిగి ఇవ్వడం లేదట. "అయ్యయ్యో! మరి మీ ఆయన ఏమీ అనలేదా?" గాలి బుస్సున పోయింది. "నూట నలభై, తొంభై. పోనీలెండి, మిషను వచ్చేస్తే తగ్గిపోతుంది." ఆవిడ చిన్న నర్సు బుగ్గలు పుణికి మరీ వెళ్ళింది.

పెద్ద నర్సు కన్నార్పకుండా చూసింది. అదే పట్టీ, అదే బల్బు. ఎంత ఆలోచించినా ఒక్కటి మాత్రం అంతుపట్టలేదు.

"మరి అమ్మాయ్, ఆ స్టెతస్కోపు చెవుల్లో పెట్టుకోవా?"

చిన్న నర్సు వింతగా చూసి అంది: "చెవుల్లో పెట్టుకుంటే వాళ్ళ కష్టాలు నాకెలా వినపడతాయక్కా, కష్టాలు వినకుండా బీపీ ఎంత రాయాలో ఎలా తెలుస్తుంది?"