వరాలు గుట్ట ఎక్కిన రోజు

వినండి తల్లీ, వినండి నాయనా! దేవుడి చల్లని చూపుతో నలభై బొరియలు కళకళలాడే గుట్ట ఒకటి ఉండేది. అందులో అన్నిటికంటే కిందున్న మొదటి బొరియ కుందేలు దూదమ్మది. గుట్టంతా తొక్కలూ పెంకులూ తెచ్చి ఆమె గడప ముందే పోసేది. రోజూ పొద్దున్నే పంది వరాలు తట్టతో వచ్చి అక్కడినుంచే ఎత్తుకెళ్లేవాడు. ఈగలు ముసిరి దూదమ్మ పసిపిల్లలకు జబ్బు చేసింది.

ఆమె గుట్టకు పెద్ద అయిన ముంగిస దగ్గర మొరపెట్టుకుంది.

"ఎక్కడో ఓ చోట పోయాలి కదమ్మా! కాస్త సర్దుకో."

"అయితే మీ వాకిట్లో పోయించండి, పెద్దయ్యా."

"అబ్బెబ్బే! మా ఇంటికి పదిమంది వస్తూ పోతూ ఉంటారు!"

మర్నాడు దూదమ్మ వరాలునే అడిగింది. "ఏం తమ్ముడూ, నా గడప దాటి ఒక్క అడుగూ వేయవేం?"

"నన్నెవరు రానిచ్చారక్కా? నేనొస్తే గుట్ట మైలపడుతుందన్నారు."

దూదమ్మకు ఒళ్లు మండింది. "భూమినే కోరమీద ఎత్తిన స్వామి నీ రూపంలోనే కదయ్యా వచ్చింది! నడు నాతో!"

ప్రతి బొరియ దగ్గరా ఆగి ఆమె కేకేసింది. "వరాలు వచ్చాడు! మీ చెత్త మీరే తెచ్చివ్వండి. నా వాకిట్లో ఇక పోయనివ్వను!"

గొణుక్కుంటూనే ఒక్కొక్కరూ తెచ్చి తట్టలో వేశారు. చివరికి ముంగిస కూడా తొక్కలు మోసుకొచ్చాడు.

"ఇదుగో వరాలూ..."

దూదమ్మ ముంగిసవంకే చూస్తూ నిలబడింది. ముంగిస గొంతు సవరించుకున్నాడు.

"తీసుకోండి, వరాలు గారూ."

ఆ పూట వరాలు గుట్ట దిగుతుంటే చూడాలి నాయనా! నిండు తట్ట మోస్తూ కూడా, మూతి ఒక్కసారీ నేలకు ఆనలేదు.