పదకొండో ప్రశ్న

పరీక్ష హాలు మెట్ల మీద ప్రశ్నపత్రాలు పరుచుకుని కవలలిద్దరూ జవాబులు సరిచూసుకుంటున్నారు. మొదటి పదీ అచ్చంగా కలిశాయి.

"పదకొండు?" అంది అక్క.

"సి."

"నేను వదిలేశా, ఎంతకీ తెమల్లేదు. పన్నెండు?"

"బి."

"తప్పు, సి. పదమూడు?"

"డి."

"బి కదే! పద్నాలుగు కదా డి!" నలభై దాకా చూసి అక్క తల పట్టుకుంది. "ఇంకొక్కటీ కలవలేదు. నీకు పది దాటవే! ఏం చదివావసలు?"

చెల్లెలు బావురుమంది. "సీటు రాకపోతే కుట్టుమిషనెక్కాల్సిందే అన్నాడుగా నాన్న! భయమేసింది. నీ వెనక బెంచీయేగా, నీ జవాబుపత్రం చూసి మక్కికి మక్కి దిద్దేశానక్కా."

కొట్టబోయిన అక్క చెయ్యి గాల్లోనే ఆగింది. చెల్లెలి పన్నెండు తన పదమూడు. చెల్లెలి పదమూడు తన పద్నాలుగు. తాను పదకొండో ప్రశ్న వదిలింది గానీ, జవాబుపత్రంలో పదకొండో వరస వదల్లేదు.

మెడలో టేపుతోనే వచ్చిన నాన్న గేటు బయటి నుంచి కేకేశాడు. "పెద్దదానికి సీటు ఖాయమేగా! చిన్నదానికి మిషను కొనమంటారా?"

అక్క చెల్లెలి చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"రెండు కొను నాన్నా."