ఐదో పాచిక

ఎక్స్‌రే గదిలో రాత్రి డ్యూటీ చేసే టెక్నీషియన్‌కు ఇయర్‌ఫోన్లలో వినే ఒక రికార్డు షో అంటే ప్రాణం. నలుగురు మిత్రులు బల్ల చుట్టూ కూర్చుని కథ ఆడతారు. ఒక్కొక్కరూ కథలో ఏం జరగాలో చెప్పి ఒక్కో పాచిక వేస్తారు. పెద్ద అంకె పడితే అది జరిగినట్టే. ఈసారి ఐదో పాచిక కూడా దొర్లిన చప్పుడు వినిపించింది. దానికి ముందు ఎవరూ ఏమీ చెప్పలేదు.

షో నడిపే బావమరిదికి ఫోన్ చేశాడు.

"ఐదోవాడెవడ్రా? నన్ను ఆటపట్టిస్తున్నావా?"

"నలుగురమే బావా. నిద్ర చాలక నీకు లెక్క తప్పుతోంది."

"నీ వేషాలు నాకు తెలుసులే."

ఫోన్ పెట్టేసి, షో ఆపేసి, ఇయర్‌ఫోన్లు తీశాడు. తలుపు అవతల, ఖాళీ వరండాలో, పాచిక ఒకటి దొర్లి ఆగిన చప్పుడైంది.

ఎంత పడిందో చూద్దామని గొళ్లెం మీద చెయ్యి వేశాడు. తలుపు తీయాలన్న ఆ కోరిక తనదేనా, లేక అలా జరగాలని ఎవరో పాచిక వేశారా అని అప్పుడు అనుమానం వచ్చింది. చెయ్యి వెనక్కి రాలేదు.